ఖాళీ అయితే చెప్పు బిడ్డా

నల్లగొండ బైపాస్ మీద అద్దాల బార్ అండ్ రెస్టారెంట్ తెరిచిన కొత్తలో, పానగల్ కాలనీ ఆడవాళ్లకు రోజూ సాయంత్రం ఒక వేడుక దొరికింది. నల్ల ప్యాంటు, నల్ల టీ షర్టు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని గ్లోరీ ఇంట్లోంచి బయటికి వచ్చేది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే వాళ్లు దారి వదిలి పక్కకు నిలబడి, పోలీసమ్మ వస్తాంది, బిందెలు దాచుండ్రే అని నవ్వేవాళ్లు. గ్లోరీ కూడా నవ్వేది. ఒక్కోరోజు ఎవరిదో ఒక బిందె ఎత్తి భుజాన పెట్టుకుని, వాళ్ల గడప ముందు దించి మరీ పనికి పోయేది.

ఊరి బడిలో చదువుకునే రోజుల్లో ఆమె కబడ్డీ ఆడింది. కాలు పట్టుకుంటే వదలదని పేరు. ఆ పేరే తర్వాత కూడు పెట్టింది. మొదట టౌన్‌లో ఒక బట్టల షాపులో ఆడవాళ్ల సంచులు చూసే పని, ఆ తర్వాత ఈ బార్‌లో దర్వాజ దగ్గర నిలబడే పని. భర్త డానియల్ కిరాయి ఆటో నడుపుతాడు. వాళ్ల ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. పైన స్లాబు పడలేదు, రేకులు కప్పుకుని అందులోనే ఉంటున్నారు. పిల్లర్లలోంచి ఇనుప చువ్వలు ఆకాశానికి చేతులు చాపినట్టు నిలబడి ఉంటే, అత్త బిక్షమ్మ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసేది. గ్లోరీ ఉద్యోగం నిలబడితే వచ్చే వానాకాలానికి స్లాబు పడుతుందని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లు.

దేవుని బిడ్డవై ఉండి మందు దుకాణం గుమ్మం కాడ నిలబడుడేందని చర్చిలో ఒకరిద్దరు గొణిగారు. పాస్టరయ్య పెద్ద మనసున్నవాడు. ఆమె తాగుతలేదు, తాగిపిస్తలేదు, వచ్చేటోళ్లు పోయేటోళ్లు పడిపోకుండ చూస్తాంది, అదీ ఒక సేవే అని ఆ మాట అక్కడికి ముగించాడు.

నిజానికి గ్లోరీ చేసేది అదే. ఆమె నడుముకు ఒక చిన్న సంచి ఉండేది. అందులో పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఒక దువ్వెన. ఒకసారి టౌన్‌లో వేరే బట్టల దుకాణం నడిపే శ్రీదేవి అనే ఆమె చీర కుచ్చిళ్లు కారు తలుపులో పడి చిరిగితే, గ్లోరీ ఆమెను పక్కకు తీసుకుపోయి, ఎవరికీ కనపడకుండా పిన్నీసులు పెట్టి సర్దింది. వాళ్ల పాప నిద్రపోతే తల్లి తిని వచ్చేదాకా భుజాన వేసుకుని నిలబడింది.

దర్వాజకు రెండో పక్క యాదయ్య నిలబడేవాడు. అరవై దాటిన మనిషి, సన్నగా చువ్వలా ఉంటాడు. నన్ను చూస్తే దొంగలకు భయం కాదు, దయ పుడతది బిడ్డా అనేవాడు. ఇద్దరికీ కలిపి బార్ వాళ్లు ఒక్క స్టూలే ఇచ్చారు. యాదయ్య దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే నడుము పట్టుకుంటదని చెప్పి గ్లోరీ వైపు జరిపేవాడు. ఆయన నడుము బాగానే ఉందని గ్లోరీకి తెలుసు, అందుకే తానూ కూర్చునేది కాదు.

అలా కొన్ని నెలలు గడిచాయి. లోపలికి ఎవర్ని పంపాలో, ఎవర్ని పంపొద్దో చూసుకునే సూపర్‌వైజరు పని మానేసి హైదరాబాద్ పోయాడు. యజమాని విజేందర్ గ్లోరీని పిలిచి, ఇకనుంచి దర్వాజ మొత్తం నీదే, జీతం కూడా పెరుగుతుంది అన్నాడు. గ్లోరీ అక్కడికక్కడే మనసులో స్తోత్రం చెప్పుకుంది. స్లాబు కళ్ల ముందు కనపడింది. ఆయన అప్పుడు మిగతా సంగతి చెప్పాడు.

"పంచె కట్టుకున్నోళ్లు, గొంగడి కప్పుకున్నోళ్లు, రబ్బరు చెప్పులోళ్లు వస్తే ఏ ఊరని అడుగు. ఊరు చెప్పినంక, ఊళ్లె ఏ దిక్కు ఉంటరని అడుగు. నవ్వుకుంట అడుగు. వయసు పోరగాళ్లు మంచిగ తయారై వచ్చినా గంతే, అడుగు. నీ కాలరు మైకుల నాకు ఇనబడతది. నేను ఫుల్ అని నీ చెవుల చెప్తే, టేబుళ్లు ఖాళీ లేవని పంపెయ్. లొల్లి వద్దు."

ఊళ్లో ఏ దిక్కు అని ఎందుకు అడుగుతారో గ్లోరీకి ఒకరు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

"సార్, నేను గూడ కాలనీదాన్నే గదా," అంది మెల్లగా.

"నువ్వు స్టాఫ్ గ్లోరీ. స్టాఫ్ వేరే, పబ్లిక్ వేరే," అని విజేందర్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

విజేందర్ చెడ్డవాడని అనలేం. పనివాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా తన కారులో దవాఖానకు పంపేవాడు. ఆయనకున్న భయం ఒక్కటే. డబ్బున్న వాళ్లు పక్క బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో చూసి, ముఖం చిట్లించుకుని మళ్లీ రారేమోనని. ఆ భయాన్ని ఆయన తన నోటితో ఎప్పుడూ బయటికి చెప్పలేదు. చెప్పడానికి దర్వాజ దగ్గర ఒక మనిషిని పెట్టుకున్నాడు.

సీతాఫలాల కాలం అది. ఆ శనివారం పొద్దు వాలుతుండగా ఒక ఆటోలోంచి ముగ్గురు దిగారు. బాలకృష్ణ అనే కుర్రవాడికి కరెంటు ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. నల్లగొండలో గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. మొదటి జీతం చేతికి రాగానే అమ్మానాన్నలను చల్లగాలి వచ్చే పెద్ద హోటల్లో కూర్చోబెట్టి తినిపించాలని వాళ్లను ఊరినుంచి రప్పించాడు. తండ్రి పెద్దులు తెల్లగా ఉతికిన పంచె కట్టుకుని, తలకు కొత్త రుమాలు చుట్టుకున్నాడు. తల్లి రామమ్మ గులాబీరంగు నేత చీర కట్టుకుంది. మడతలు ఇంకా చీర మీద అలాగే నిలబడి ఉన్నాయి. ఆమె చేతిలో కొడుకు ఇంటి ఓనరుకు ఇవ్వాలని తెచ్చిన సీతాఫలాల సంచి ఉంది.

ఏ ఊరు పెద్దయ్యా అని గ్లోరీ అడిగింది. ఇంత పెద్ద హోటల్లో ఒకరు తన ఊరు అడిగినందుకే పెద్దులు ముఖం వెలిగిపోయింది.

"దేవరకొండ అవుతల పల్లె బిడ్డా. ఊరు దాటినంక కాలనీల మొదటి ఇల్లే మాది, వేపచెట్టు ఉంటది. ఎన్నడన్న అటు దిక్కు వస్తే మా ఇంటికి రా. మా ఇంటిది జొన్నరొట్టె చేస్తే, ఇంకోటి అడుగకుండ లేవవు."

గ్లోరీ చెవిలో విజేందర్ గొంతు వినిపించింది. ఫుల్.

టేబుళ్లు ఖాళీ లేవని ఆమె చెప్పింది. ఆ మాట తన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని ఆమెకే ఆశ్చర్యమైంది. వాళ్లు గొడవ పడలేదు, మాట అనలేదు. శనివారం కదా, రద్దీ ఉంటది అని పెద్దులే ఆమెకు సర్దిచెప్పాడు. బాలకృష్ణ తన ఫోన్ నంబరు చెప్పి ఆమె ఫోన్లో ఎక్కించుకోమన్నాడు. ఎదురుగా ఉన్న కల్వర్టు చూపించి, అక్కడే కూర్చుంటాం అక్కా, పిలిస్తే వస్తాం అన్నాడు.

"ఖాళీ అయితే చెప్పు బిడ్డా," అంది రామమ్మ రోడ్డు దాటబోతూ.

టేబుళ్లు ఖాళీ లేవన్న మాటను వాళ్లు నిజమనే అనుకున్నారు. రేషన్ దుకాణం ముందు, దవాఖాన ముందు, ఆఫీసుల ముందు ఓపికగా కూర్చోవడం అలవాటైన మనుషులు వాళ్లు. కల్వర్టు మీద రుమాలు పరిచి, పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. కార్లు వచ్చాయి. దిగినవాళ్లు దిగినట్టే లోపలికి పోయారు. చీకటి పడి లోపల దీపాలు వెలిగేసరికి, అద్దాల్లోంచి హాలంతా రోడ్డు మీదికి కనిపించసాగింది. రామమ్మ లేచి రోడ్డు దాటి వచ్చింది.

"బిడ్డా, గా మూలకు రెండు బల్లలు ఉత్తగనే కనబడుతున్నయ్. అవ్వి ఎవరివో?"

"అవి బుక్ అయినయ్ పెద్దమ్మా. వాళ్లు వస్తాండ్రు," అంది గ్లోరీ. అది రెండో అబద్ధం.

రామమ్మ తలాడించింది. వెంటనే వెళ్లిపోలేదు. గ్లోరీ కాళ్ల వైపు, బూట్ల వైపు చూసింది. సంచిలోంచి బాగా పండిన రెండు సీతాఫలాలు ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"అప్పటిసంది చూస్తున్న, ఒక్కసారన్న కూసోకపోతివి. నిలబడి నిలబడి పిక్కలు గుంజుతుంటయ్. ఇవి తిను, జర పానం నిమ్మలమైతది."

గ్లోరీ ఆ పండ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. యాదయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇంకాసేపటికి వాళ్లు లేచారు. వెళ్లేముందు బాలకృష్ణ అద్దాల వైపు చూశాడు, తర్వాత గ్లోరీ వైపు చూశాడు. అతనికి అర్థమైపోయిందని ఆమెకూ అర్థమైంది. అతను మాత్రం అమ్మానాన్నల ముందు ఆ మాట పైకి రానివ్వలేదు. బాపూ, ఆకలైతాంది, బస్టాండు కాడ వేడి వేడి దోసెలు తిందాం లే అని తండ్రి చేయి పట్టుకుని లేపాడు. ఇంకోసారి వస్తం తియ్ బిడ్డా, నువ్వేం చేస్తవ్ అని రామమ్మ అక్కడినుంచే చెయ్యి ఊపింది.

పానగల్ కాలనీ చర్చిలో ఒక అలవాటు ఉంది. పాటలు అయిపోయాక, వాక్యం చెప్పేముందు, సాక్ష్యం చెప్పేవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడతారు. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు, తాము నడిచిన దారి నలుగురి ముందు చెబుతారు. మేక ఈనిందని ఒకరు, బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకరు, మొగుడు తాగకుండా ఇంటికొచ్చాడని ఒకరు. పెద్ద సంగతే ఉండాలని లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు. గ్లోరీ మాటలు నేర్చినప్పటినుంచీ సాక్ష్యం చెబుతోంది. ఆమె చెప్పకుండా గడిచిన ఆదివారం ఎవరికీ గుర్తులేదు.

ఆ ఆదివారం కూడా లేచింది. జీతం పెరుగుతోందని, దర్వాజ బాధ్యత తన చేతికి వచ్చిందని చెబుదామనే లేచింది. దేవునికి స్తోత్రం అంది. కళ్ల ముందు కల్వర్టు మీద పరిచిన రుమాలు కనిపించింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని మెల్లగా కూర్చుంది.

ఆమెకు ఒంట్లో బాగాలేదని అందరూ అనుకున్నారు. పక్కింటి స్నేహలత మధ్యాహ్నానికి మిరియాల చారు కాచి గిన్నెతో తెచ్చింది. ఇది తాగి దుప్పటి కప్పుకో, జరం పొద్దుటికల్లా ఆమడ దూరం పారిపోతది అని చెప్పి, గిన్నె రేపు తీసుకుంటానని పోయింది. రాని జ్వరానికి వచ్చిన ఆ చారు తాగుతూ గ్లోరీ ఏడ్చింది.

బిక్షమ్మ పక్కకొచ్చి కూర్చుని, ఏమైంది పిల్లా అని అడిగింది. గ్లోరీ అంతా చెప్పింది. ముసలమ్మ తన చిన్ననాటి సంగతి ఒకటి తీసింది. అప్పట్లో ఊరి చాయ హోటల్లో వాళ్ల గ్లాసులు వేరేగా చూరులో చెక్కి ఉండేవట. తామే తీసుకుని, తామే కడిగి, మళ్లీ అక్కడే చెక్కి రావాలట.

"గప్పుడు మొకం మీదనే చెప్తుండ్రి, మీ గ్లాసు అది అని. ఇంటికొచ్చి కడుపు నిండ తిట్టుకుంటుంటిమి. తిట్టి తిట్టి, ఒకరోజు అందరం కలిసి ఆ గ్లాసులు పగలగొట్టినం. గిప్పుడు జాగ లేదని నవ్వుకుంట చెప్తే, పాపం ఆ పిచ్చోళ్లు ఎవర్ని తిట్టాలె? ఏం పగలగొట్టాలె?"

సాయంత్రం డానియల్ వచ్చాక గ్లోరీ అతనితో ఒక్క మాటే అంది. ఇక ఆ అబద్ధం చెప్పను, ఉద్యోగం పోవచ్చు అని. డానియల్ తల పైకెత్తి ఇనుప చువ్వల వైపు చూశాడు. ఇన్నేళ్లు రేకుల కింద పన్నం, ఇంకో వానాకాలం పంటే అరిగిపోం అన్నాడు. ఆ మాటతో ఆమెకు సగం బలం వచ్చింది. మిగతా సగం కోసం ఆ వారమంతా ప్రార్థన చేసుకుంది.

మళ్లీ శనివారం వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ముగ్గురు యువకులు వచ్చారు. స్లాబులకు సెంట్రింగ్ పని చేసేవాళ్లు. ఒకడికి పెళ్లి కుదిరిందట, ఆ సంతోషంలో వచ్చారు. చొక్కాలకు ఇస్త్రీ కొత్తగా ఉంది, కాళ్లకు బూట్లున్నాయి. గోళ్ల సందున మాత్రం సిమెంటు పోలేదు. గ్లోరీ ఊరు అడగలేదు. వాళ్లే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తమ కాలనీ పేరు అనుకున్నారు. కాలరు మైకు ఆ మాటను లోపలికి మోసింది.

ఫుల్ అన్నాడు విజేందర్ చెవిలో.

గ్లోరీ ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది.

"తమ్మీ, లోపల బల్లలు ఖాళీగనే ఉన్నయ్," అంది, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. "కానీ మిమ్మల్ని రానియ్యొద్దని నాకు చెప్పిండ్రు. ఖాళీ లేదని అబద్ధం చెప్పుమన్నరు. నాతోని కాదు."

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. గొడవ అవుతుందేమోనని యాదయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు. పెళ్లికొడుకు కాబోయేవాడు ఉన్నట్టుండి నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. చాలా రోజులుగా మోస్తున్న బరువును కిందికి దించినవాడిలా నవ్వాడు.

"ఎన్ని గుమ్మాల కాడికెల్లి వాపస్ పోయినమో అక్కా. ఒక్కడన్న నిజం చెప్పలె. మాకే ఏదో తక్కువ పడ్డదేమో అనుకుంట బూట్లు కొనుక్కున్నం."

వాళ్ల వెనకాలే శ్రీదేవి కుటుంబం నిలబడి ఉంది. ఆ రోజు పాప పుట్టినరోజు. శ్రీదేవి చేతిలో కేకు డబ్బా ఉంది. ఆమె అంతా విన్నది.

"లోపల ఖాళీలు ఉన్నయా గ్లోరీ?" అని అడిగింది.

"ఉన్నయమ్మా."

"మమ్మల్ని రానిస్తరా?"

"రానిస్తరమ్మా."

యాదయ్య ఎప్పుడూ కూర్చోని ఆ స్టూలు దగ్గరికి శ్రీదేవి నడిచి, కేకు డబ్బా దాని మీద జాగ్రత్తగా పెట్టి, పక్కన నిలబడింది. వీళ్లు ముందొచ్చిండ్రు, వీళ్లు పోయినంకనే మేం పోతం అంది. ఆమె భర్త కూడా పక్కన నిలబడ్డాడు. వాళ్ల వెనక ఇంకో కారు ఆగింది. దిగినవాళ్లు ఏమైందని అడిగారు. పాపే వాళ్లకు చెప్పింది, ఈ అన్నలను రానిస్తలేరంట, మేం ఆగినం అని. వాళ్లూ ఆగారు. దర్వాజ తెరిచే ఉంది. ఎవరూ లోపలికి పోవడం లేదు.

కెమెరాలో అదంతా చూసి విజేందర్ బయటికి వచ్చాడు. గ్లోరీ ఆయనకు దారి ఇచ్చి పక్కకు నిలబడింది.

"సార్, వీళ్లను ఎందుకు రానియ్యొద్దో మీరే చెప్పుండ్రి. నా నోటికి వస్తలేదు."

విజేందర్ ఆ ముగ్గురి కాళ్ల వైపు చూశాడు. బూట్లు ఉన్నాయి. చొక్కాల వైపు చూశాడు. టేబుళ్లు అని మొదలుపెట్టి, వెనక్కి తిరిగి అద్దాల్లోంచి కనిపిస్తున్న ఖాళీ కుర్చీలను చూసి ఆగిపోయాడు. చెప్పాల్సిన కారణం ఒక్కటే ఉంది. ఆడవాళ్లు, పిల్లలు, తెలిసిన మనుషులు అందరూ చూస్తుండగా ఆ ఒక్కటీ ఆయన నోట్లోంచి రాలేదు. ఏదో పొరపాటయింది, రండి రండి అని నవ్వు తెచ్చిపెట్టుకుని తలుపు వదిలాడు. ముగ్గురు యువకులు లోపలికి నడిచారు. శ్రీదేవి కేకు డబ్బా అందుకుంటూ గ్లోరీ భుజం మీద చెయ్యి వేసి, లోపలికి పోయింది.

అందరూ తిని వెళ్లిపోయాక విజేందర్ ఆమెను వంటింటి పక్కకు పిలిచి, రేపటినుంచి రావద్దన్నాడు. సరే సార్ అంది గ్లోరీ. మైకు, చెవి మిషను తుడిచి ఆయన బల్ల మీద పెట్టింది.

మర్నాడు చర్చిలో లేచి నిలబడి, దేవునికి స్తోత్రం అని మాత్రం చెప్పి కూర్చుంది. ఈసారి సిగ్గుతో కాదు. చేయాల్సిన పని ఇంకొకటి మిగిలి ఉందని.

బార్ దగ్గర ఆ వారం జరిగినవన్నీ యాదయ్య నోటివెంటే పానగల్‌కు చేరాయి. దర్వాజకు విజేందర్ ఆయన్నే నిలబెట్టాడట. ఎవరో వచ్చారు, చెవిలో ఫుల్ అని వినిపించింది. నాకు గ్లోరమ్మ చెప్పినట్టు చెప్పుడే వచ్చు సార్, వేరే రాదు అని యాదయ్య మైకులో వినయంగా బదులిచ్చాడట. ఈలోగా ఆ ముగ్గురు కుర్రవాళ్లు పని చేసే ప్రతి స్లాబు మీదా ఈ కథ చెప్పారు. టౌనంతా పాకింది. వచ్చేవాళ్లు గుమ్మం దగ్గర ఆగి, ఇయ్యాల మేం ఏ దిక్కోళ్లం మామా, రావొచ్చునా అని నవ్వుతూ అడగడం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద కార్లలో వచ్చేవాళ్లే ఎక్కువ అడిగారట. ఆడవాళ్లు వచ్చి గ్లోరీ లేదా అని అడిగి, లేదంటే ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆ నవ్వులకు, ఆ ప్రశ్నలకు విజేందర్ హాల్లోకి రావడమే తగ్గించాడు.

గ్లోరీ ఇంటి ముందు బట్టలు పిండుతుండగా యాదయ్య సైకిల్ దిగాడు. దిగుతూనే ఫోను చెవికి పెట్టుకుని, ఉన్నది సార్, ఇస్తున్న అని ఆమె చేతికిచ్చాడు. బిక్షమ్మ పీట లాక్కుని దగ్గరగా కూర్చుంది, ఒక్క మాట పోకుండా వినాలని.

విజేందర్ పనికి రమ్మన్నాడు.

"వస్త సార్," అంది గ్లోరీ. "ఒక్కటే మాట. ఎవర్నన్న రానియ్యొద్దని మీకనిపిస్తే, మీరే బయటికొచ్చి, ఎందుకో మీ నోటితోని చెప్పాలె. నాతోని చెప్పియ్యొద్దు. ఊళ్లె ఏ దిక్కని నేను అడుగ."

బట్టల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"అది నాతోని గూడ కాదు గ్లోరీ," అన్నాడు విజేందర్ చివరికి, చిన్న గొంతుతో. "ఆ రోజు అందరి ముందు నిలబడ్డప్పుడే తెలిసింది. ఫుల్ అనే మాట ఇగ అన."

"నిండినప్పుడు అనుండ్రి సార్. నిండితే నేను గూడ అంట."

యాదయ్య రుమాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. చెమట అని చెప్పాడు గానీ, అప్పటికి చలికాలం మొదలైంది. బిక్షమ్మ లేచి ఆయనకు చాయ పెట్టడానికి లోపలికి పోతూ, మా పిల్ల పట్టుకుంటే వదలదని ఊరంతా తెలుసు, మీ సారుకే ఎవరూ చెప్పనట్టున్నరు అంది.

యాదయ్య వెళ్లాక గ్లోరీ చేతులు తుడుచుకుని, తన ఫోన్లో దాచుకున్న ఆ నంబరు తీసింది. బాలకృష్ణ ఎత్తాడు. ఆమె ముందు తప్పు ఒప్పుకుంది. ఆ రోజు ఖాళీలు ఉన్నయ్ తమ్మీ, నేను అబద్ధం చెప్పిన, మాఫ్ చెయ్యి అంది. తెలుసక్కా అన్నాడతను. అమ్మకు, బాపుకు ఇప్పటికీ తెలియదట. ఆ అద్దాల హోటల్ ఎప్పుడు ఖాళీ అవుతుందని రామమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోందట.

"అయితే అమ్మకు చెప్పు," అంది గ్లోరీ. "టేబుల్ ఖాళీ అయింది. గా మూలకు ఉన్నదే. శనివారం తీసుకురా."

శనివారం డానియల్ ఆటో బస్టాండుకు పోయి వాళ్లను ఎక్కించుకుని వచ్చింది. రామమ్మ అదే గులాబీరంగు చీర కట్టుకుంది, ఈసారి మడతలు లేవు. పెద్దులు దర్వాజ దాకా వచ్చి, అలవాటుగా చెప్పులు విడిచి ఒక మూలకు పెట్టాడు. గ్లోరీ వంగి వాటిని తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

"ఏస్కో పెద్దయ్యా. లోపల నేల సల్లగుంటది, కాళ్లు గుంజుతయ్."

ఆయన సిగ్గుపడుతూ వేసుకున్నాడు. గ్లోరీ ఒక రెక్క, యాదయ్య ఒక రెక్క పట్టుకుని దర్వాజ పూర్తిగా తెరిచారు. మామూలుగా ఒక్క రెక్కే తెరుస్తారు. హాలు మధ్యలో విజేందర్ నిలబడి ఉన్నాడు. పెద్దులు ఆయనకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. విజేందర్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత తనూ రెండు చేతులెత్తి, ముందు నడిచి, మూల బల్ల దగ్గర కుర్చీ లాగి పెద్దులును కూర్చోబెట్టాడు.

కల్లు ఉంటదా అని పెద్దులు మెల్లగా అడిగాడట. లేదంటే, పోనీ తియ్, కడుపునిండ బువ్వ పెట్టుండ్రి అన్నాడట. రామమ్మ కోడి కూర తింటూ, ఉప్పు తక్కువైందని వడ్డించేవాడికి చెప్పింది. వాడు తెచ్చిపెట్టాడు. తింటున్నంతసేపూ ఆమె అద్దంలోంచి బయట కల్వర్టు వైపు చూస్తూనే ఉంది. కాసేపటికి లేచి గుమ్మం దగ్గరికి వచ్చి, కొంగులోంచి ఒక సీతాఫలం తీసింది. ఆ ఏటి ఆఖరి కాపు, చిన్నదే.

"మొన్న రెండిచ్చిన. ఇయ్యాల ఒక్కటే దొరికింది. ఇగో, జర కూసొని తిను బిడ్డా."

యాదయ్య స్టూలు జరిపాడు. గ్లోరీ కూర్చుంది. ఆ దర్వాజ దగ్గర ఆమె కూర్చోవడం యాదయ్య చూసింది అదే మొదటిసారి.

ఆదివారం చర్చిలో పాటలు అయిపోగానే గ్లోరీ లేచింది. రెండు వారాలుగా ఎదురుచూస్తున్న జనం సర్దుకుని కూర్చున్నారు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మొదటి అబద్ధం, రెండో అబద్ధం, సీతాఫలాలు, స్టూలు మీద కేకు డబ్బా, మూల బల్ల, ఉప్పు తక్కువైన కూర. చెబుతూ చెబుతూ నవ్వింది. దేవునికి స్తోత్రం అని ముగించేసరికి చర్చి చర్చంతా స్తోత్రం అంది. పాస్టరయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి స్నేహలత గొంతు వినిపించింది.

"గదంత మంచిగనే ఉంది గానీ గ్లోరీ, అయితే ఆ రోజు నీకు జరం రానే లేదన్నట్టు. నా చారు నాకిచ్చెయ్యి."

ఆ నవ్వు ఆగేదాకా పాస్టరయ్య వాక్యం మొదలుపెట్టలేకపోయాడు.